కమిట్ అంటే తేడాల చిట్టా కాదు

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగ శిక్షణ వ్యాసాల్లో, కోచింగ్ సెంటర్ల నోట్సుల్లో 'గిట్‌లో కమిట్ అంటే పాత ఫైలుకూ కొత్త ఫైలుకూ ఉన్న తేడాను దాచడం' అని రాసేస్తున్నారు. గిట్ అంటే ఫైళ్లలో చేసిన మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్, కమిట్ అంటే ఆ చరిత్రలో ఒక మెట్టు. వాళ్లు రాసే ఆ నిర్వచనం తప్పు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్‌ను మొదలుపెట్టినప్పటి నుంచీ కమిట్ అంటే ప్రాజెక్టు మొత్తానికి నిండు ప్రతి. తేడాలంటారా, మనం అడిగినప్పుడు రెండు ప్రతులను పక్కపక్కన పెట్టి అప్పటికప్పుడు లెక్కగట్టి చూపేవి.

ఒక ఫైల్లో 'అమ్మ' అని రాసి, ఎంటర్ కొట్టి సేవ్ చేశామనుకోండి. అ, మ, పొల్లు, మళ్లీ మ. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, వరుస చివర 1, వెరసి 13. ఫైలును కమిట్‌కు సిద్ధం చేసే 'గిట్ యాడ్' కొట్టగానే ఈ 13 బైట్ల ముందు 'బ్లాబ్' అనే మాట, ఒక ఖాళీ, 13 అనే సంఖ్య, ఒక సున్నా బైటు తగిలించి మొత్తానికి షా-1 లెక్క (సరుకును బట్టి వేలిముద్రలాంటి గుర్తు తేల్చే సూత్రం) కడుతుంది. వచ్చేది 40 అక్షరాల గుర్తింపు. అందులో మొదటి 2 ఫోల్డరు పేరు, మిగతా 38 ఫైలు పేరు. లోపలి సరుకును జీలిబ్ అనే కుదింపు సాధనంతో కుదించి ప్రాజెక్టులోని డాట్-గిట్ ఫోల్డరు లోపలి ఆబ్జెక్ట్స్ ఫోల్డర్లో పెడుతుంది. ఇలా దాచిన సరుకే బ్లాబ్. మన ఫైలు పేరు ఆ బ్లాబ్‌లో ఎక్కడా ఉండదు. అందుకే ఒకే సరుకున్న పది ఫైళ్లకూ బ్లాబ్ ఒక్కటే.

ఇదంతా కమిట్ కొట్టకముందే అయిపోతుంది. యాడ్ చేశాక ఫైలును మళ్లీ దిద్ది నేరుగా కమిట్ కొడితే దిద్దకముందున్న రూపమే వెళ్తుంది. 'నేను సరిచేశాను, సర్వర్లో పాతదే ఉంది' అనే గొడవ ఇలాగే పుడుతుంది.

పేర్ల సంగతి ట్రీ చూసుకుంటుంది. ఫోల్డరుకో ట్రీ. అందులో ఫైళ్ల పేర్లు, అనుమతులు, బ్లాబ్‌ల గుర్తింపులు ఉంటాయి. 500 ఫైళ్ల ప్రాజెక్టులో రెండు ఫోల్డర్ల లోతున ఒక్క ఫైలు మారిస్తే కొత్తగా పుట్టేవి 1 బ్లాబ్, 3 ట్రీలు, 1 కమిట్. మిగతా 499 ఫైళ్లకు పాత గుర్తింపులే సరిపోతాయి. నిండు ప్రతి అయినా డిస్కు నిండకపోవడానికి కారణం ఇదే. తర్వాతెప్పుడో వీటన్నిటినీ ప్యాక్‌ఫైల్ అనే ఒకే ఫైలుగా సర్దేటప్పుడు దగ్గరి బ్లాబ్‌లను తేడాలుగా కుదిస్తుంది కానీ, అది చోటు ఆదా కోసమే.

'గిట్ క్యాట్-ఫైల్ -పి హెడ్' (హెడ్ అంటే ఇప్పుడు మనమున్న కమిట్) కొట్టి చూస్తే కమిట్ ఎంత చిన్నదో తెలుస్తుంది. ట్రీ గుర్తింపు, పేరెంట్ (దీని ముందటి కమిట్) గుర్తింపు, ఆథర్ (మార్పు రాసినవారు), కమిటర్ (కమిట్ కొట్టినవారు), 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లు, పక్కన సమయ మండలం, మన దగ్గరైతే +0530, ఖాళీ వరుస, సందేశం. అంతే. మొదటి కమిట్‌కు పేరెంట్ ఉండదు, విడిగా సాగిన పనులను కలిపే మెర్జ్‌కు మామూలుగా ఇద్దరు. ఈ వరుసలన్నిటికీ కట్టిన షా-1 లెక్కే కమిట్ గుర్తింపు. కాబట్టి 'అమెండ్'తో సందేశంలో ఒక్క అక్షరం దిద్దినా పాత కమిట్ మారదు, వేరే కమిట్ పుడుతుంది. అప్పటికే పుష్ చేసి (సర్వర్‌కు పంపి) ఉంటే సర్వర్ మళ్లీ తీసుకోనంటుంది. అక్కడ విసుగొచ్చి బలవంతంగా పంపే 'ఫోర్స్' కొడితే ఈలోగా పక్కవాళ్లు పంపిన కమిట్లు బ్రాంచి నుంచి జారిపోతాయి. తప్పదనుకుంటే, సర్వర్లో మనకు తెలియని కమిట్లుంటే ఆగిపోయే 'ఫోర్స్-విత్-లీజ్' వాడాలి.

జారిపోయినా వెంటనే చెరిగిపోవు. బ్రాంచి అంటే ఒక కమిట్ గుర్తింపు రాసుకున్న చిన్న చీటీ, అది పక్కకు జరిగిందంతే. బ్రాంచిని పాత కమిట్‌కు లాగే 'రీసెట్ హార్డ్' కొట్టి కంగారుపడే పిల్లలు ముందు తమ కంప్యూటర్లో హెడ్ ఎక్కడెక్కడ తిరిగిందో రాసిపెట్టుకునే 'గిట్ రెఫ్‌లాగ్' చూడాలి. బ్రాంచికి అందని కమిట్ల ఆనవాళ్లు మామూలు అమరికలో 30 రోజులుంటాయి. గుర్తింపు దొరికితే దానిమీద కొత్త బ్రాంచి కట్టుకోవచ్చు. అసలు యాడ్ చేయని మార్పులను మాత్రం గిట్ తెచ్చివ్వలేదు.

దాచింది సులువుగా చెరగని ఈ గుణమే పాస్‌వర్డ్ విషయంలో ప్రమాదం. పొరపాటున కమిట్ చేసిన పాస్‌వర్డ్‌ను తర్వాతి కమిట్‌లో తీసేస్తే కొత్త ట్రీలో కనబడదు, పాత బ్లాబ్ మాత్రం పాత కమిట్‌ను పట్టుకుని అలాగే ఉంటుంది. ముందు ఆ పాస్‌వర్డ్ మార్చేయాలి. ఆ తర్వాతే 'ఫిల్టర్-రెపో' అనే సాధనంతో చరిత్ర తిరగరాయడం. అలా రాస్తే అక్కడి నుంచి అన్ని గుర్తింపులూ మారతాయి, జట్టంతా కొత్తగా క్లోన్ చేసుకోవాలి (సర్వర్ నుంచి మొత్తం దించుకోవాలి). అప్పటికే ఎవరైనా తీసుకున్న క్లోన్‌లో పాతది పాతగానే ఉంటుంది.

గిట్ పాఠం వేసేటప్పుడు క్యాట్-ఫైల్ చూపే ఆ నాలుగైదు వరుసలను ఒక్కసారైనా అచ్చువేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ