పెళ్లి పందిట్లో సగం తాగిన సీసాలు

సంపాదకుడు గారికి నమస్కారం.

పర్యావరణ దినం నాడు మీ పత్రికలో వచ్చిన చిట్కాలు చదివాను. గుడ్డ సంచి పట్టుకెళ్లండి, మొక్క నాటండి, లైట్లు ఆర్పండి. కాదనేదేముంది? కానీ "నీళ్లు కొనకండి, కుళాయి నీళ్లే తాగండి" అన్న దగ్గర మా వదిన గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆవిడది కనిగిరి వైపు పల్లె. అక్కడ బోరు నీళ్లు తాగితే ఏమవుతుందో పెద్దవాళ్ల గార పళ్లూ వంగిన కాళ్లూ చెబుతాయి. అదంతా ఆ నీళ్లలో మోతాదు మించిన ఫ్లోరైడ్ వల్లే. లీటరు నీళ్లలో అది 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచినా అది పోదు సరికదా, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అలాంటి చోట టిన్ను నీళ్లు కొనుక్కోవడం దుబారా ఎలా అవుతుంది? పైగా 20 లీటర్ల టిన్ను మళ్లీ మళ్లీ నింపేదే. నా పేచీ అంతా పెళ్లిళ్లలో పెట్టే పావు లీటరు సీసాలతో.

మొన్న వైశాఖంలో ఆ ఊళ్లోనే మేనల్లుడి పెళ్లి. బంతి లేచాక చూస్తే ప్రతి విస్తరి పక్కనా ఒక సీసా, రెండు గుక్కలు తాగి వదిలేసింది. కొన్నిటికి మూతే తీయలేదు. కొందరైతే ఆ నీళ్లతోనే చెయ్యి కడుక్కున్నారు. మనసొప్పక నేనూ వదినా సీసాలు ఏరి బిందెలోకి వంచాం. రెండు బంతులు అయ్యేసరికి రెండు బిందెలు నిండాయి. పందిరి వెనక కరివేప చెట్టుకు పోశాం. అదే సమయానికి వంటవాళ్లకు నీళ్లు చాలక ఒక కుర్రాడు మోటారు సైకిల్ మీద టిన్నులు మోస్తున్నాడు! ఖాళీ సీసాలు మర్నాడు ఊరి బయట తగలబెట్టారు. ఆ కంపు సాయంత్రం దాకా పోలేదు.

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా నిషేధం. నీళ్ల సీసా ఆ జాబితాలో లేదు. గ్లాసు పోయిన చోట సీసా వచ్చి కూర్చుంది. పేపరు గ్లాసు నయం కదా అంటారు. దాన్ని రాత్రి నానేసి పొద్దున చించి చూడండి, లోపలి ప్లాస్టిక్ పొర చేతికొస్తుంది.

వంట మేస్త్రీని అడిగితే "స్టీలు గ్లాసులు కడగడానికి నీళ్లేవమ్మా?" అన్నాడు. కొట్టిపారేసే మాటేం కాదు. కానీ తోమడానికి బోరు నీళ్లు చాలు, చివర ఒక్కసారి మంచినీళ్లలో ముంచి తీస్తే సరి. అసలు అడ్డంకి తోమే మనుషుల కూలి. ఆపైన "నీళ్ల దగ్గర కూడా కక్కుర్తా?" అంటారేమోనని పెళ్లివారి భయం.

1992లో సారా మీద కొంగు బిగించిన దూబగుంట మా నెల్లూరు జిల్లాదే. ఆ ఊపులోనే ఇక్కడ పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. ఇప్పటి మహిళా సంఘాలు ఊరికొక ఐదు వందల స్టీలు గ్లాసులు, నాలుగు కుళాయి డ్రమ్ములు కొని అద్దెకిస్తే, తోమే కూలి అందులోనే కలుపుకొంటే, సీసాలకయ్యే ఖర్చు దాటుతుందని నేననుకోను. మొదటి పెట్టుబడి పంచాయతీలు, మున్సిపాలిటీలు పెట్టాలి. కల్యాణ మండపాల వాళ్లు కూడా అడ్వాన్సు తీసుకునే రోజే "చిన్న సీసాలు తేము" అని రాయించుకోవాలి. గోడకు మేకు కొట్టబోమని రాయించుకునేవాళ్లకి ఇదొక లెక్కా?

నా తప్పూ ఒకటుంది. మా ఇంట్లో నీళ్లు శుద్ధి చేసే మిషను వదిలే నీళ్లు మూడేళ్లు సింకులోకే పోయాయి. తాగేవాటికన్నా పారేసేవే ఎక్కువని ఒకరోజు బకెట్ పెట్టి చూస్తేగాని తెలియలేదు. ఇప్పుడు ఇల్లు తుడవడానికీ బాత్రూముకూ అవే. ఉప్పు పేరుకున్న నీళ్లు కదా, మొక్కలకు పోయను.

శ్రావణంలో మా అమ్మాయి ఇంట్లో గృహప్రవేశం. మూడు వందల మందికి బంతి భోజనాలు. మా వీధి సంఘం దగ్గర స్టీలు గ్లాసులు నూట ఇరవై దాకా ఉన్నాయి. బంతి బంతికీ తోమి పెట్టడానికి ఇద్దరు ఆడవాళ్లను మాట్లాడుకున్నాను. ఇంకో ముప్పై గ్లాసులు దొరికితే తోమేవాళ్లకు ఊపిరి తిరుగుతుంది. కావలిలో ఎవరైనా ఇవ్వగలిగితే లెక్కతో సహా తిరిగి ఇచ్చే పూచీ నాది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కావలి