మొదటి కారు కొనబోతున్న బిడ్డకు

హన్మకొండ,
2025 నవంబర్ 16.

చిరంజీవి సౌభాగ్యవతి అయిన బిడ్డకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

మొన్న రాత్రి నువ్వు కారు సంగతి చెప్పినప్పటి నుంచీ నా మనసు దాని మీదే ఉంది. ఫోన్‌లో బాబు అల్లరి మధ్య సగం మాటలు వినపడవు, లెక్కలు అసలే నిలవవు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. అల్లుడు గారికి కూడా చదివి వినిపించు.

కరీంనగర్ షోరూంలో మీరు చూసిన కారు ఆన్‌రోడ్డు 8 లక్షల 40 వేలు అన్నావు. చిట్టీ ఎత్తగా వచ్చిన 2 లక్షల 40 వేలు ముందు కట్టి, మిగిలిన 6 లక్షలు ఏడేళ్ళ అప్పు తీసుకుంటే నెలకు పది వేల లోపే పడుతుందని అక్కడి అబ్బాయి చెప్పాడన్నావు. అతను చెప్పింది నిజమే. 9 శాతం వడ్డీకి నెల కిస్తు 9,653 రూపాయలు వస్తుంది. కానీ 84 నెలలు కట్టేసరికి మొత్తం 8 లక్షల 10 వేలు దాటుతుంది, అంటే వడ్డీయే 2 లక్షల 10 వేలు. ఆ అప్పు తీరేనాటికి ఇప్పుడు మూడేళ్ళున్న బాబు ఐదో తరగతికి వస్తాడు.

పైగా కిస్తుతోనే ఖర్చు ఆగదు. నెలలో రెండుసార్లు హన్మకొండ రాకపోకలు, ఊళ్ళో తిరుగుళ్ళు కలిపి 800 కిలోమీటర్లు అనుకుందాం. ఏసీ వేసుకుని, ఊళ్ళో ఆగుతూ సాగుతూ పోయే చిన్న కారు లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తే 50 లీటర్లు కావాలి. లీటరు 108 రూపాయల లెక్కన 5,400. బీమా, సర్వీసింగు, టైర్ల కోసం నెలకు రెండున్నర వేలైనా పక్కన పెట్టాలి. అన్నీ కలిపితే పదిహేడున్నర వేలు. మీ ఇద్దరి జీతాలు 62 వేలు, అందులో కిరాయి 11 వేలు, ఆపైన మీ అత్తమ్మ మందులు, బాబు బడి. ఏడేళ్ళపాటు ప్రతి నెలా ఈ బరువు మోయమని నేను చెప్పలేను.

నా మాట ఇది, బిడ్డా: మూడు నాలుగేళ్ళ పాత కారు, 4 లక్షల 20 వేలకు మించకుండా చూడండి. 2 లక్షల 20 వేలు ముందు కట్టి, 2 లక్షలే అప్పు చేయండి. పాత కార్లకు వడ్డీ ఎక్కువ పడుతుంది కాబట్టి 12 శాతం అనుకున్నా, మూడేళ్ళకు నెల కిస్తు 6,643 రూపాయలు, మొత్తం వడ్డీ 39 వేలు. చేతిలో మిగిలే 20 వేలు టైర్లకూ బ్యాటరీకీ పనికివస్తాయి. కొత్త కారు విలువ ఎంత త్వరగా కరుగుతుందో బీమా వాళ్ళు విలువ కట్టే పద్ధతిలోనే తెలుస్తుంది. ఏడాది దాటితే 20 శాతం, మూడేళ్ళు దాటితే 40 శాతం, నాలుగేళ్ళు దాటితే 50 శాతం తగ్గిస్తారు. ఆ తరుగు మొదటి యజమాని భరించిన తర్వాత మనం కొనడంలో చిన్నతనం ఏమీ లేదు.

జీఎస్టీ తగ్గింది కదా, కొత్తదే మేలు కాదా అని అల్లుడు గారు అడిగినట్టు చెప్పావు. సబబైన ప్రశ్నే. సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18 శాతానికి దిగింది. అయితే కొత్త దాని ధర తగ్గినప్పుడు పాత దాని ధర కూడా దిగాలి. పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీ వాళ్ళు నిరుటి ధరలు చెబితే, అదే మోడల్ కొత్త కారు ఈ రోజు ఎంతో ముందుగా తెలుసుకుని వెళ్ళి, ఆ లెక్క వాళ్ళ ముందు పెట్టి బేరం చేయండి.

అప్పు కాగితం మీద సంతకం చేసే ముందు వడ్డీ ఏ పద్ధతిలో వేస్తున్నారో అడగండి. 2010లో మన పాత కారుకు లక్షన్నర అప్పు తీసుకున్నప్పుడు 9 శాతం అంటే తక్కువే అనుకున్నాం. అది ఫ్లాట్ వడ్డీ అని, తీర్చేసిన అసలు మీద కూడా చివరిదాకా వడ్డీ పడుతుందని మాకు ఎవరూ చెప్పలేదు. మూడేళ్ళు నెలకు 5,292 చొప్పున కట్టాం. తగ్గే అసలు మీద లెక్కవేస్తే అది 16 శాతం పైనే. బడిలో పిల్లలకు వడ్డీ లెక్కలు చెప్పే నేను ఆ కాగితాన్ని సరిగ్గా చదవలేదన్న బాధ ఇప్పటికీ పోలేదు.

ఇక ఏ కారు అన్న మాట. మీ అత్తమ్మ మోకాళ్ళ కోసం నువ్వు వ్యాగన్ ఆర్ అనుకుంటున్నావు. ఎత్తు సీటు, వంగకుండా ఎక్కే తలుపు ఉన్న మాట నిజమే, డిక్కీ కూడా పెద్దదే. కానీ మీరు తిరిగేది హుజూరాబాద్, ఎల్కతుర్తి మీదుగా గ్రానైట్ బండలు మోసే లారీలు నడిచే రోడ్డు. కార్ల భద్రతను తేల్చే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టించి చూసిన పరీక్షలో పెద్దవాళ్ళ రక్షణకు 2020లో టాటా వాళ్ళ చిన్న కారు టియాగోకు 4 స్టార్లు వచ్చాయి, 2023లో వ్యాగన్ ఆర్‌కు ఒక్కటే వచ్చింది. అందుకని నా మొగ్గు టియాగో వైపు. అత్తమ్మను రెండింటిలోనూ కూర్చోబెట్టి, రెండుసార్లు ఎక్కించి దించి, ఆమె నోటితోనే చెప్పనివ్వండి. బొత్తిగా కష్టమైతే అప్పుడు మళ్ళీ ఆలోచిద్దాం. ఏదైనా 2022 తర్వాతి తయారీ అయితే ముందు రెండు సీట్లకూ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. బాబును మాత్రం ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకోవద్దు. పిల్లల సీటు కొని వెనక బిగించండి, దాని డబ్బు నేనిస్తాను.

నాకు అన్నిటికన్నా భయం నీళ్ళలో మునిగిన కార్ల గురించి. 2023 జూలైలో మన కాలనీలోకి వరద వచ్చినప్పుడు నాలుగిళ్ళ అవతలి వాళ్ళ కారు సీట్ల దాకా మునిగింది. నెల తిరగకముందే దాన్ని కడిగి, ఆరబెట్టి, కొత్త సీటు కవర్లు తొడిగి ఎవరికో అమ్మేశారు. కొన్నవాళ్ళకు ఆ సంగతి తెలుసో లేదో అని నేను చాలాకాలం మథనపడ్డాను. మొన్న అక్టోబర్ చివర మొంథా తుపానుకు వరంగల్, హన్మకొండల్లో మళ్ళీ అదే జరిగింది కనుక, ఈ రెండు మూడు నెలల్లో అటువంటి కార్లు కరీంనగర్ దాకా వస్తాయి. సీటు బెల్టును చివరంటా బయటకు లాగి చూడండి; పైపైన ఎంత కడిగినా, లోపల చుట్టుకుని ఉండే పట్టీ చివర బురద మరక పోదు. కింది కార్పెట్ ఎత్తి వాసన చూడండి. స్టెప్నీ తీసి ఆ గుంతలో తుప్పు గానీ ఒండ్రు గానీ ఉందేమో వేలితో తడమండి. హెడ్‌లైటు లోపల తేమ మరకలు, డ్యాష్‌బోర్డు కింద వైర్ల జాయింట్లకు పచ్చటి చిలుము కనిపిస్తే, ధర ఎంత తగ్గించినా వెనక్కి వచ్చేయండి. నీళ్ళు తాగిన వైరింగు ఏడాది తర్వాత కూడా దారి మధ్యలో మొరాయిస్తుంది.

కారు చూడటానికి పొద్దున్నే వెళ్ళండి, మీరు వచ్చేదాకా ఇంజను ఆన్ చేయవద్దని ముందే చెప్పండి. చల్లటి ఇంజను మొదటిసారి పట్టుకునే తీరులో దాని ఆరోగ్యం తెలుస్తుంది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని అర్థం. మీటరు 30 వేలు చూపిస్తూ, బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే, మీటరు వెనక్కి తిప్పారేమో, సర్వీసు రికార్డు అడగండి. ప్రభుత్వ వాహనాల యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి చూసి, పాత అప్పు ఉంటే అది తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఆర్సీలో అప్పు పేరు కొట్టేయించే ఫారం 35 చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి. చలాన్లు అమ్మేవాళ్ళే కట్టాలి. బండి మీ పేరున మారడానికి ఫారం 29, 30 మీద సంతకాలు, 14 రోజుల్లో బీమా పేరు మార్పు మరవకండి. మహారాష్ట్ర బండి చవక అని ఎవరైనా చెబితే వద్దనండి, ఇక్కడ మళ్ళీ జీవితకాలపు పన్ను కట్టి రిజిస్టర్ చేయించాల్సి వస్తుంది.

జనవరి 28న మేడారం జాతర మొదలయ్యేలోపే కారు రావాలని అల్లుడు గారి కోరిక. అమ్మవార్లకు బెల్లం బంగారం సొంత కారులో తీసుకుపోవాలని నాకూ ఉంది. కానీ ఆ నాలుగు రోజులు ఆర్టీసీ బస్సే సుఖం, గద్దెలకు దగ్గరగా దింపుతుంది. జాతర తేదీ చూసి తొందరపడి తప్పు కారు తేవద్దు.

చూసిన కార్ల ఆర్సీ ఫొటోలు శుక్రవారం లోపు పంపు. బాపు ఆదివారం మనకు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని మొదటి బస్సుకు వస్తానన్నారు. అత్తమ్మను కూడా తయారుగా ఉండమని చెప్పు.

ఇట్లు,
మీ అమ్మ