కొత్త రౌటర్ పెట్టాక ఇంట్లో కంప్యూటర్ల మధ్య ఫైళ్లు వెళ్లడం లేదు – ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

మాది పర్లాకిమిడి. పోయిన నెల మీ మనిషి వచ్చి పాత రౌటర్ తీసేసి కొత్తది బిగించారు. అప్పటి నుంచి మేడ మీది కంప్యూటర్‌లో కింది కంప్యూటర్ షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోవడం లేదు. రెండింటిలోనూ ఇంటర్నెట్ మాత్రం బాగానే వస్తోంది.

మేం ఇంట్లోనే పెళ్లి ఆల్బమ్‌లు చేస్తాం. కెమెరా కార్డుల్లోని ఫోటోలను తమ్ముడు కింది కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు, పైన నేను డిజైన్ చేస్తాను. ఇప్పుడు ప్రతి ఫోల్డర్‌కీ పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లెక్కి దిగాల్సి వస్తోంది. పాతపట్నం పార్టీకి చెప్పిన రోజుకి ఆల్బమ్ ఇవ్వలేక మాట పోయింది.

లోపం మా కంప్యూటర్లలో లేదు. రెండూ ఒకే వైఫైలో ఉన్నాయి, రెండింటిలోనూ నెట్‌వర్క్ ‘ప్రైవేట్’ (అంటే తోటి కంప్యూటర్లకి కనిపించే సెట్టింగు) అనే ఉంది. అయినా ఒకదాని నుంచి ఇంకోదానికి పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతోందో లేదో చూసే పరీక్ష) వెళ్లదు. రెండింటినీ లాన్ కేబుల్‌తో అదే రౌటర్‌కి కలిపితే ఫోల్డర్ వెంటనే తెరుచుకుంటోంది. అంటే కొత్త రౌటర్ వైఫైలో ఒక పరికరాన్ని ఇంకోదానికి కనిపించకుండా చేసే ‘ఏపీ ఐసోలేషన్’ ఆన్‌లో ఉందని మా అనుమానం. అది హోటళ్లలో, గెస్ట్ వైఫైలో ఉండాల్సిందే. సొంత ఇంట్లో ఎందుకండీ? పోనీ మేమే చూసుకుందామంటే రౌటర్ సెట్టింగులు మార్చే అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వరు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఒకరు క్లౌడ్ వాడమన్నారు. ఒక్క పెళ్లి ఫోటోలే 60 జీబీ. మా అప్‌లోడ్ స్పీడ్ 20 ఎంబీపీఎస్. ఎక్కడానికే ఆరున్నర గంటలు దాటుతుంది, మళ్లీ పైన దించుకోవాలి. పై గదికి పోవాల్సిన ఫైలు ఊరంతా తిరిగి రావడం దేనికి?

ఇంకొకరు విండోస్‌లో ఎస్‌ఎంబీ1 (కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) ఆన్ చేసుకోమన్నారు. ఈ మాటకి నాకు నిజంగా భయం వేసింది. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ పాత పద్ధతిలోని లోపం పట్టుకునే. అదే ఏడాది నుంచి మైక్రోసాఫ్ట్ కొత్త విండోస్‌లో దాన్ని మామూలుగా ఇవ్వడమే మానేసింది. తెలియనివాళ్లు మీ మాట నమ్మి ఆన్ చేసుకుంటే వాళ్ల ఫైళ్లకి దిక్కెవరు? ఆ సలహా ఇవ్వొద్దని మీ సిబ్బందికి గట్టిగా చెప్పండి.

చివరికి ‘నెట్ వస్తోంది కదా’ అని మమ్మల్ని అడగకుండానే ఫిర్యాదు క్లోజ్ చేశారు. దాన్ని మళ్లీ తెరవండి. మా మెయిన్ వైఫైలో ఐసోలేషన్ తీసేయండి, గెస్ట్ వైఫైకి ఉంచినా అభ్యంతరం లేదు. మీకు కుదరకపోతే అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వండి, లేదా పాత రౌటరే తిరిగి పెట్టండి. ఏం చేస్తారో వారంలోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
మీ ఖాతాదారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా