రుచి కోసం మేం తిప్పిన వాల్వ్ గురించి

అనంతపురంలో మా దగ్గర ఆర్వో మిషన్ కొన్నవాళ్లకు, సర్వీసు చేయించుకుంటున్నవాళ్లకు నమస్కారం. మా పనిలో ఒక తప్పు జరిగింది. అది మీ ఇంట్లో తాగే నీళ్లకు సంబంధించింది కాబట్టి దాచకుండా చెబుతున్నాను.

కొత్త మిషన్ పెట్టిన వారం లోపే చాలా ఇళ్ల నుంచి ఒకే ఫోను వస్తుంది. "అన్నా, నీళ్లు చప్పగా ఉన్నాయి, తాగినాక నాలుక మీద వగరు నిలుస్తోంది. పిల్లలు తాగం అంటున్నారు." ఈ మాట నిజమే. బోరు నీళ్ల టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగిన ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) 900 ఉంటే మిషన్ దాన్ని 40కి దించేస్తుంది. చిన్నప్పటి నుంచి నాలుకకు అలవాటైన కాల్షియం, మెగ్నీషియం చాలావరకు పోతాయి. నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ మాత్రం వాయువు కాబట్టి, ఉప్పులను ఆపే సన్నటి పొర అయిన మెంబ్రేన్‌ను దాటి వచ్చేస్తుంది. దాంతో నీళ్లు కొద్దిగా ఆమ్లం వైపు మొగ్గి, ఆ వగరు రుచి తెలుస్తుంది. మిషన్ పాడై కాదు.

ఇలా ఫోను వచ్చినప్పుడల్లా మేం వెళ్లి టీడీఎస్ వాల్వ్‌ను కొంచెం తిప్పి వచ్చేవాళ్లం. అది తిప్పితే కొన్ని నీళ్లు మెంబ్రేన్‌లోకి పోకుండా, యూఎఫ్ (అల్ట్రా ఫిల్ట్రేషన్) ఫిల్టర్ గుండా పక్కదారిలో వచ్చి శుద్ధి అయిన నీళ్లలో కలుస్తాయి. రెండు నిమిషాల్లో రుచి వచ్చేస్తుంది. మీకూ సంతోషం, మాకూ సంతోషం.

కానీ యూఎఫ్ బురదను, క్రిములను ఆపుతుంది గానీ నీళ్లలో కరిగిపోయిన ఫ్లోరైడ్‌ను ఆపదు. మన జిల్లాలో ఎన్నో బోర్లకు ఉన్న జబ్బే అది. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాటకూడదని భారత ప్రమాణం చెబుతోంది. ఒక బోరులో 4 ఉందనుకోండి. తాగే నీళ్లలో మూడో వంతు ఆ పక్కదారిలో వస్తే, ఆ ఒక్క వాటాతోనే గ్లాసులో 1.3 దాటుతుంది. ఏ ఫ్లోరైడ్ వద్దని డబ్బులు పెట్టి మిషన్ కొన్నారో, దాన్నే మేం తిరిగి మీ గ్లాసులో కలిపినట్టు. మా చేతిలోని టీడీఎస్ మీటర్ ఈ సంగతి చెప్పలేదు. అది మొత్తం ఉప్పులను అంచనా వేస్తుందే తప్ప అందులో ఫ్లోరైడ్ ఎంతో చూపించదు.

నేను పుట్టింది పల్లెలో. 1995 తర్వాత సత్యసాయి నీటి పథకం కొళాయిలు వచ్చేదాకా మాకు ఫ్లోరైడ్ ఉన్న బోరింగు నీళ్లే. మా పెద్దమ్మ కింద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చేది. మా తరగతిలో సగం మందికి గారపళ్లు. అదంతా కళ్లతో చూసి కూడా, కొలవకుండా వాల్వ్ తిప్పాను. ఆ బాధ నాకుంది.

ఇకపై బోరు నీళ్లు వాడే ఇంట్లో, ఫ్లోరైడ్ పరీక్ష చేయకుండా వాల్వ్ తిప్పం. ఇదివరకు తిప్పిన ప్రతి ఇంటికీ వచ్చి మూసేస్తాం, డబ్బులేమీ ఇవ్వొద్దు. చప్పదనం పోవాలంటే మెంబ్రేన్ తర్వాత మినరల్ కాట్రిడ్జ్ పెట్టుకోవచ్చు. మాకు పడిన ధరకే ఇస్తాం, బిగించినందుకు కూలి తీసుకోం. అది కూడా వద్దనుకుంటే నీళ్లను ఒక బిందె నుంచి ఇంకో బిందెలోకి రెండు మూడుసార్లు ఎత్తి పోసి, మట్టి కుండలో పెట్టుకోండి. గాలి తగిలి ఆ వాయువు కొంత పోతుంది, రుచిలో తేడా తెలుస్తుంది. రాగి బిందెలో మాత్రం ఆర్వో నీళ్లు రాత్రంతా ఉంచకండి, చిలుము రుచి వస్తుంది.

అన్ని రుచులకూ ఇదే కారణం కాదు. నీళ్లు ఉప్పగా అవుతుంటే మెంబ్రేన్ అయిపోయినట్టు. ఊరికి వెళ్లొచ్చాక కుళ్లు వాసన వస్తే, కదలకుండా నిలిచిన నీళ్లలో కార్బన్ ఫిల్టర్ మీద క్రిములు పెరిగాయని అర్థం. ట్యాంకు పూర్తిగా రెండుసార్లు పారబోయండి, అప్పటికీ పోకపోతే ఫిల్టర్ మార్చాలి. కొత్త కార్బన్ వేసినప్పుడు మొదటి ట్యాంకులో నల్లటి పొడి రావడం మామూలే, ఆ నీళ్లు మొక్కలకు పోయండి.

ఇంకొక మాట. కొళాయి నీళ్లు మాత్రమే తాగే ఇళ్లలో టీడీఎస్ 500 లోపు ఉండి, ఫ్లోరైడ్ కూడా హద్దులోనే ఉంటే ఆర్వో అక్కర్లేదు. కార్బన్ ఫిల్టర్, క్రిములను చంపే యూవీ దీపం ఉన్న చిన్న మిషన్ చాలు. ఇది చెబితే నా అమ్మకాలు తగ్గుతాయి, తెలుసు. చిక్కేమిటంటే మన ఊళ్లో చాలామంది సంపులో కొళాయి నీళ్లూ, బోరు నీళ్లూ కలిసిపోతాయి. ఈ వారం ఉన్న రుచి వచ్చే వారం ఉండదు. కాబట్టి మీ సంపులోకి ఏ నీళ్లు ఎప్పుడు వస్తాయో మాకు కచ్చితంగా చెప్పండి.

పరీక్ష కిట్ తెప్పించాం. ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లకు ముందు వస్తాం, ఎందుకంటే పళ్లు లోపల తయారయ్యే వయసు అది. వాట్సాప్‌లో "వాల్వ్" అని పెట్టండి. మేం వచ్చే రోజు పొద్దున బోరు నుంచి నేరుగా ఒక లీటరు నీళ్లు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి ఉంచండి. సంపు నీళ్లు వద్దు.