మట్టిగాజుల అక్కకు

పోయిన శనివారం విజయవాడలో మహిళా వ్యాపారుల పరిచయ సమావేశంలో, స్టేజీ మెట్ల దగ్గర నా చేతిలోని కాగితం లాక్కున్న అక్కకు ఈ నాలుగు ముక్కలు. టెన్షన్‌లో పేరు అడగలేదు. ముదురాకుపచ్చ మంగళగిరి చీర, చేతుల నిండా మట్టిగాజులు, అంతే గుర్తు.

నేను గుంటూరులో పచ్చళ్లు, కారప్పొడులు చేసి అమ్ముతాను. మిర్చి బస్తా దగ్గర గంటసేపు బేరమాడమన్నా ఆడతాను గానీ, మైకు చూస్తే నోరు పెగలదు. కాగితం గడగడా వణుకుతోంది. మీరు అది లాక్కుని నా స్టాల్ మీది గోంగూర పచ్చడి సీసా చేతిలో పెట్టారు. "బరువుంటే చెయ్యి వణకదు అమ్మాయ్. దీని గురించే చెప్పు" అన్నారు.

చెప్పాను. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర పథకంలో 'శిశు' రుణం కింద తీసుకున్న 50 వేలు, ఆకు తడి ఆరకుండానే కలిపేస్తే బూజు పట్టి పారబోసిన 40 సీసాలు, ఇప్పుడు కడిగిన ఆకును గుడ్డ మీద పరిచి పూర్తిగా ఆరాకే నూనెలో వేయడం... అన్నీ వాటంతటవే వచ్చేశాయి. బూజు మాట అనగానే వెనక వరుసలో ఒకావిడ "మాకూ అంతే!" అని అరిచింది. కాగితంలో రాసుకున్న మహిళా సాధికారత ఎవరికీ గుర్తుకు రాలేదు, నాకూ రాలేదు.

తెనాలి షాపావిడ 20 సీసాలు చెప్పింది. ఆ సంగతి చెబుదామని వెతికితే మీరు భోజనాలకు ముందే వెళ్లిపోయారట. ఆ కాగితం చించేయండక్కా. గుంటూరు వస్తే మాత్రం గోంగూర సీసా తీసుకెళ్దురు గాని, డబ్బులు అడగను.