వార్షిక నివేదిక 2024–25: పుస్తకాల సంచి ఎవరి గడప దాకా వెళ్లింది?

సభ్యులందరికీ నమస్కారం.

1935లో పెదవడ్లపూడి నుంచి పెదపులివర్రు దాకా కాలువ మీద పుస్తకాల పడవ నడిచిన ప్రాంతం మనది. మన సంచులకు ఆ పడవే స్ఫూర్తి. ఊరికొక సంచి, నెలకోసారి పక్క ఊరితో మార్పిడి, వాటితోపాటు ఉపాధ్యాయులు తయారుచేసిన అభ్యాస పత్రాలు తిరగడం మీకు తెలిసిందే. ఇవి ఏ పిల్లలకు చేరుతున్నాయో ఈ ఏడాది తేల్చుకోవాలనుకున్నాం.

వేసవిలో రిజిస్టర్లు పేరుపేరునా చదివాం. తిరిగిన పుస్తకాలను లెక్కపెడితే సంతోషం కలిగింది. పేర్లు చూస్తే మళ్లీ మళ్లీ అవే ఇళ్లు. కాలువగట్టు గుడిసెల పిల్లలు, ఎస్సీ కాలనీ ఆడపిల్లలు దాదాపు లేరు. ఇళ్లకు వెళ్లి అడిగాం. మనం సంచి తెరిచే సాయంత్రం వేళకు తల్లులు కూలి నుంచి రారు, ఆడపిల్లలు చంటివాళ్లను ఎత్తుకుని ఉంటారు. పుస్తకం చిరిగితే డబ్బు కట్టాలన్న భయం మరొకటి. ఆ నిబంధన రాసింది మనమే.

జూలై నుంచి సంచిని ఆదివారం ఉదయం కాలనీ సామాజిక భవనంలోనే తెరుస్తున్నాం. జరిమానా ఎత్తేశాం. రిజిస్టరులో కొత్త ఇంటిపేర్లు మొదలయ్యాయి.

నవంబరు 14 నుంచి 20 దాకా జరిగిన గ్రంథాలయ వారోత్సవాల చివరి రోజును నేను మరువలేను. కాలనీ పిల్లలు కథలు చదివి వినిపించారు. వాళ్ల నాయనమ్మలు పాత వరి రకాల పేర్లు, నాట్ల పాటలు చెబితే పిల్లలే రాసుకున్నారు. ఆ నోటుపుస్తకం ఇప్పుడు సంచిలో ఊరూరా తిరుగుతోంది. ఇన్నేళ్లుగా వాళ్లకు ఇవ్వడమే చూశాం, వాళ్ల దగ్గర తీసుకోవలసింది ఉందని ఆ రోజే తెలిసింది.

సంచులను ఉచితంగా చేరవేసిన ఆటో సోదరుడికి, చిరిగిన పుస్తకాలు కుట్టిచ్చిన బైండింగు పెద్దాయనకు, ప్రధానోపాధ్యాయులకు, అంగన్‌వాడీ టీచర్లకు, కాలనీ తల్లులకు కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. చందా బాకీలు త్వరగా చెల్లించండి.

రెండు మాటలు దాచలేను. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను మనమంతా కడుతున్నాం. ఆ సొమ్ము మన శాఖా గ్రంథాలయానికి ఎందుకు చేరలేదని అర్జీలు పెట్టాం, జవాబు లేదు. ఇక నిరుటి సమావేశంలో సాయానికి వస్తామని చేతులెత్తిన వారిలో చాలామంది ఒక్క ఆదివారమైనా రాలేదు. భారమంతా నలుగురి మీదే పడింది.

ఎనిమిదో తరగతి దాటాక ఆడపిల్లల పేర్లు రిజిస్టరులో ఆగిపోతున్నాయి. కారణం తెలుసుకోవడానికి వచ్చే ఆదివారం నుంచి మళ్లీ ఇల్లిల్లూ తిరుగుతాం. ఉదయం ఏడింటికి సామాజిక భవనం దగ్గర ఉంటాను.

– కార్యదర్శి