నాన్నకి మొదలుపెట్టకముందే ఇది చదువు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఫోన్లో అయితే నువ్వు నన్ను సాంతం చెప్పనివ్వవు, అందుకే కాగితం పట్టుకున్నాను. కీటో, అదే పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి, మొదలుపెట్టి మూడు వారాలైంది, బుర్ర పాదరసంలా పనిచేస్తోంది అన్నావు, సంతోషం. కానీ ఫోన్ పెట్టేసేముందు, "నాన్నకీ వచ్చే నెల నుంచి మొదలుపెడతా, మతిమరుపు తగ్గుతుందట" అన్నావు చూడు, ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదురా.

నువ్వు బరువు తగ్గడానికి తింటున్న తిండి ఇక్కడ మా పిల్లల వార్డులో మూర్ఛకి మందు. మాటవరసకి కాదు, నిజంగానే మందు. క్రీము, నూనె, గుడ్డు అన్నీ గ్రాముల్లో తూస్తాం. పిల్లాడు తిన్నాక గిన్నెకి అంటుకున్న క్రీము కూడా రబ్బరు గరిటెతో గీకి నోట్లో పెడతాం. నాలుగు గ్రాముల కొవ్వుకి పిండిపదార్థమూ ప్రోటీనూ రెండూ కలిపి ఒక్క గ్రాము, అదీ లెక్క. ఆమధ్య ఒక బాబుకి జలుబు చేస్తే ఇంట్లోవాళ్ళు తియ్యటి సిరప్ పట్టారు. మర్నాటికి రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు నుంచి ఒంట్లో తయారయ్యే ఇంధనం, పడిపోయి, రెండు నెలలుగా రాని ఫిట్స్ మళ్ళీ వచ్చాయి. సిరప్‌లో చక్కెర ఉంటుందని నేను ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. అప్పట్నుంచి ఎవరి విషయంలోనైనా మందుల చీటీ చూశాకే తిండి మాట ఎత్తుతున్నాను.

అసలు మెదడులో ఏం జరుగుతుందో చెప్తాను, నువ్వు వీడియోల్లో విన్నదాంట్లో సగం నిజమే. మన బరువులో మెదడు రెండు శాతమే, కానీ ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో ఐదో వంతు దానికే పోతుంది. మామూలుగా రోజుకి నూట ఇరవై గ్రాముల గ్లూకోజు లాగేస్తుంది. కొవ్వును నేరుగా ఇంధనంగా వాడుకోవడం దానికి దాదాపు చేతకాదు. పిండిపదార్థం అందనప్పుడు లివర్ కొవ్వుని విరగ్గొట్టి కీటోన్లు చేస్తుంది. తమాషా ఏమిటంటే వాటిని తయారుచేసే లివరే వాటిని వాడుకోలేదు, ఆ ఎంజైము దానికి లేదు. వండి వడ్డించడమే దాని వంతు. కీటోన్లు రక్తంలో మెదడు దాకా వెళ్ళి, గ్లూకోజు వెళ్ళే తలుపు కాకుండా వేరే తలుపులోంచి లోపలికి పోతాయి. 1967లో బోస్టన్‌లో ఓవెన్, కాహిల్ బృందం ఐదారు వారాలు ఉపవాసమున్న స్థూలకాయుల మెదడుకి వెళ్ళే రక్తాన్నీ, వచ్చే రక్తాన్నీ పోల్చి చూసింది. ఇంధనంలో దాదాపు మూడింట రెండు వంతులు కీటోన్లదేనని తేలింది. అంతకుముందు వరకూ మెదడు గ్లూకోజు తప్ప ఇంకేదీ ముట్టదనే అనుకునేవారు.

ఆ రెండో తలుపు ఎంత ముఖ్యమో నాకు పుస్తకంలో కంటే మా వార్డులోని ఒక పాప వల్ల ఎక్కువ అర్థమైంది. రక్తంలో చక్కెర మామూలుగానే ఉండేది, వెన్నులోంచి తీసిన నీటిలో మాత్రం బాగా తక్కువ. గ్లూకోజును మెదడులోకి చేరవేసే గ్లట్1 అనే ప్రోటీన్‌లో పుట్టుకతోనే లోపం. వాకిట్లో ధాన్యం బస్తాలున్నా ఇంట్లో పస్తులన్నమాట. పొద్దున్నే ఏమీ తినకముందు తూలేది, ఫిట్స్ వచ్చేవి. ఈ ఆహారం మొదలుపెట్టాక కొద్ది రోజుల్లోనే అవి ఆగిపోయాయి. ఆ జబ్బుకి మొదటి వైద్యం ఇదే.

మిగతా మూర్ఛల్లో ఇంత సూటిగా ఉండదు. ఉపవాసముంటే ఫిట్స్ తగ్గుతాయని పాతకాలం నుంచీ తెలుసు. పస్తు పెట్టకుండానే ఈ కొవ్వు తిండితో ఆ స్థితి తెప్పించవచ్చని 1921లో మేయో క్లినిక్ డాక్టర్ రస్సెల్ వైల్డర్ ప్రతిపాదించాడు. 1938లో మూర్ఛకి ఫెనిటాయిన్ అనే మాత్ర వచ్చాక దీన్ని అటకెక్కించేశారు. మాత్రలకి లొంగని పిల్లల కోసం మళ్ళీ దించారు. 2008లో లండన్‌లో 145 మంది పిల్లలతో చేసిన ట్రయల్లో, మూడు నెలలకి ఫిట్స్ సగానికి పైగా తగ్గినవాళ్ళు ఈ ఆహారం తిన్నవాళ్ళలో 38 శాతం, తినని జట్టులో 6 శాతం. మంచి ఫలితమే, కానీ తిన్నవాళ్ళలోనూ సగానికి పైగా పిల్లలకి అంత మేలు జరగలేదని కూడా గుర్తుపెట్టుకో. పైగా మలబద్ధకం, కిడ్నీలో రాళ్ళు, కొలెస్ట్రాల్, ఎదుగుదల మందగించడం ఇవన్నీ కాచుకుని ఉంటాం.

నీ చురుకుదనం సంగతంటావా, కాదనను. నేనూ ఒకసారి వారం రోజులు చేసి చూశాను. మూడో రోజుకి తల దిమ్మెక్కి, రాస్తున్న లెక్క మధ్యలో మర్చిపోయాను. మొదట్లో ఒంట్లోంచి ఉప్పూ నీళ్ళూ ఎక్కువగా పోతాయి, ఆ దెబ్బే అది.

ఇక నాన్న. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో మెదడు గ్లూకోజుని సరిగ్గా తీసుకోలేదు, కీటోన్లని మాత్రం బాగానే తీసుకుంటుంది. ఇది స్కానుల్లో కనిపించిన విషయమే, నువ్వు విన్న ఆశంతా అక్కడ్నుంచి పుట్టిందే. కొన్ని చిన్న పరీక్షల్లో కాస్త మెరుగు కనపడింది. జబ్బు ఆగిందని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు. అయినా నాన్నది ఆ జబ్బేనని ఎవరు చెప్పారు నీకు? బి12, థైరాయిడ్ చూపించావా? వినికిడి తగ్గినా మర్చిపోయినట్టే ఉంటుంది.

అన్నిటికంటే నాకు భయం ఆయన షుగర్ మాత్రల గురించి. అట్ట మీద చిన్న అక్షరాల్లో మందు పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉందేమో చూడు. ఆ రకం మాత్ర వేసుకుంటూ పిండిపదార్థం మానేస్తే కీటోన్లు హద్దు దాటి రక్తం ఆమ్లంగా మారిపోవచ్చు. అప్పుడు కూడా షుగర్ మీటరులో అంకె మామూలుగానే ఉండొచ్చు, అందుకే ఇంట్లోవాళ్ళు మోసపోతారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వచ్చేదాకా తెలియదు. ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా దించే వేరే మాత్రలు గానీ వాడుతుంటే ఇంకో చిక్కు, షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. ఆయన డాక్టరు మోతాదులు మార్చకుండా ప్లేటులో ఏమీ మార్చకు.

మాత్రల అట్టలన్నీ బల్ల మీద పరిచి, వెనక వైపు అక్షరాలు కనపడేలా ఫొటోలు తీసి పంపు. అమ్మ సంచిలో విడిగా దాచినవి కూడా.

మీ అక్క